కాలువ అడుగున దారి

బదరీనాథ్ కొండలెక్కి దిగివచ్చిన బుల్లెట్‌కి ఇంటి ముందు కాలువ ఒక లెక్కా అనుకున్నాడు పెద్దిరాజు. కొంప ముంచింది ఆ అనుకోవడమే.

వెనక కూర్చున్న బావమరిది గణేష్‌బాబు వద్దన్నాడు. దారి పొడుగునా అతనికి వద్దనడమే పని. లోయల పక్కన వద్దన్నాడు, లారీల మధ్య వద్దన్నాడు. నెల్లాళ్ళుగా అతని మాట విన్నవాడూ లేడు, అతను భయపడ్డట్టు ఏదీ జరగనూ లేదు.

"వంతెన మీంచి వెళ్దాం బావా. ఇంకెంత, రెండు మైళ్ళు."

"ఎదురుగా ఇల్లు కనపడుతుంటే చుట్టు తిరగమంటావేంట్రా? మీ అక్క పులుసు పెట్టి ఎదురుచూస్తుంటాది."

పెద్దిరాజుని అనడానికీ లేదు. వేసవిలో నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తే ఆ ఊరి దారి కాలువ అడుగు నుంచే. ఎడ్లబళ్ళు, సైకిళ్ళు, పెళ్ళివారి టాక్సీలు కూడా ఇటు దిగి అటు ఎక్కుతాయి. జూన్ నడిమికి గాని నీళ్ళు వదలరు. ఈ ఏడు ముందే వదిలేశారన్న సంగతి ఊరందరికీ తెలుసు, ఊళ్ళో లేని ఈ ఇద్దరికి తప్ప.

నట్టనడుమ ఒండ్రులో ముందు చక్రం దిగబడింది. బండి ఒరిగిపోయింది. గణేష్‌బాబు పక్కకి దొర్లాడు గాని పెద్దిరాజు కాలు బండి కింద ఉండిపోయింది. మొదట ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. గణేష్‌బాబు బండి లేవదీయబోయాడు. లేవలేదు. కదిపిన కొద్దీ బురద ఇంకా లోపలికి పీల్చుకుంది.

"ఎవరినైనా కేకెయ్యరా."

కేకేశాడు. గట్టు మీద నరమానవుడు లేడు. పట్టపగలు ఊరు ఊరంతా ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు. అంతలో దిగువన, మలుపు అవతల రేవు నుంచి డప్పుల మోత వినిపించింది. డప్పులు కొట్టించుకుంటూ పసుపు కుంకుమలతో ఊరంతా రేవుకి వెళ్ళేది ఏడాదికి ఒక్కసారే, కొత్తనీళ్ళు వచ్చే రోజున.

"బావా, కాలవ వదిలేశారు."

పెద్దిరాజు నవ్వు ఆగిపోయింది. ఎగువన ఎండుటాకులు గలగలమన్నాయి. ముందు ఎలుకలు వచ్చాయి. వాటి వెనక ఒక పాము. ఆ వెనక చెత్తనీ నురుగునీ నెట్టుకుంటూ మురికి నీళ్ళు, తొందరేమీ లేకుండా వచ్చాయి. గణేష్‌బాబు మలుపు వైపు చూశాడు. రేవు దాకా పరుగెత్తి మనుషుల్ని తెచ్చేలోగా అంతా అయిపోతుంది.

"నువ్వు గట్టెక్కెయ్యి," అన్నాడు పెద్దిరాజు. "నీకు ఈత రాదు. ఒక్కళ్ళమన్నా ఇంటికెళ్ళాలి."

ఎక్కెయ్యాలనే ఉంది. అబద్ధమెందుకు, రెండడుగులు వేశాడు కూడా. బావ మళ్ళీ పిలుస్తాడేమోనని తిరిగి చూశాడు. పిలవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని పడి ఉన్నాడు, పెదవులు వణుకుతున్నాయి. బావ భయపడటం చూడటం గణేష్‌బాబుకి అదే మొదలు. ఆ ముఖం చూశాక అక్క దగ్గరికి ఒంటరిగా ఎలా వెళ్తాడు? వెనక్కి వచ్చి బురదలో కూలబడ్డాడు.

చేతులతో కాలి కింద తవ్వాడు. తవ్విన గుంట తవ్వినట్టే పూడిపోయింది. నీళ్ళు బావ భుజాలు తడిపి, చెవులు దాటి, గడ్డానికి తగిలాయి. ఒక చేత్తో అతని తల ఎత్తి పట్టుకుని రెండో చేత్తో గోకాడు. గోరు ఊడింది. "వెంకన్నబాబూ, వెంకన్నబాబూ" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు బురద వదులైంది. అందాకా బంకలా పట్టుకున్న ఒండ్రు నీళ్ళకి కరిగి పలచబడింది.

"లాగు!" అన్నాడు పెద్దిరాజు, నోట్లో నీళ్ళతో.

చంకల కింద చేతులు వేసి లాగాడు. చెప్పు లోపలే ఉండిపోయింది, కాలు బయటికొచ్చింది.

అవతలి గట్టు మీద పడి ఇద్దరూ మురికినీళ్ళు కక్కుకున్నారు. బుల్లెట్ హ్యాండిల్ ఒక్కసారి కనబడి మునిగిపోయింది. దాన్ని పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. గణేష్‌బాబు బావ చెయ్యి భుజాన వేసుకుని గట్టు వెంట నడిపించాడు. మలుపు తిరుగుతుండగా డప్పులు ఆగిపోయాయి. తర్వాత ఒక అరుపు. అది అక్క గొంతు.

బండికి కట్టిన సంచీ ఊడి, నీళ్ళలో కొట్టుకుపోయి వాళ్ళకంటే ముందే రేవు చేరింది. అక్క శ్రీదుర్గ తన చేత్తో కుట్టి ఇచ్చిన సంచీ అది. నడుంలోతు నీళ్ళలో నిలబడి దాన్ని గుండెలకి అదుముకుని ఏడుస్తోంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని పడిపోకుండా పట్టుకున్నారు.

"అక్కా! బతికే ఉన్నాడే! బావ ఇదిగోనే!"

ఆమెకి వినపడలేదు. గొంతు చిరిగేలా మళ్ళీ అరిచాడు గణేష్‌బాబు. అప్పుడు తలెత్తింది. మొగుణ్ణి కళ్ళారా చూసి కూడా కదల్లేకపోయింది. పసుపు అంటిన తన చేతుల వంక చూసుకుంది.

"పొద్దుటి నుంచీ గంగమ్మకి ఒకటే మొక్కానురా," అంది. "ఆయన ఇంటికొచ్చేసరికల్లా నువ్వూ వచ్చెయ్యి తల్లీ అని."