ఎర్ర దారం కట్టిన మూత

శుక్రవారం నివేదికను వినార్తి అప్పటికే సగం చదివేసింది. సరింతెన్ ఒక చేత్తో బాణలిలో పులియబెట్టిన సోయా టెంపే ముక్కలు తిప్పుతూ, రెండో చేత్తో ఈగలు తోలుతూ వింటోంది. ఆఫీసు గేటు పక్కనే ఆమె కాఫీ కొట్టు. వినార్తి బొద్దు మనిషి. పొట్టి పీట మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని, ముక్కు చివరికి జారిన కళ్లజోడుతో కూర్చుంటుంది. ఆమె తాగేది పంచదార లేని కాఫీ. ఆమె ఏం రాసినా ముందు ఇక్కడ చదవాలి. సరింతెన్‌కి అర్థమైతేనే మేనేజరు దగ్గరికి వెళ్లాలి. ఆఫీసులో నవ్వేవాళ్లు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు.

కొత్త చేపల బజారు కడుతున్న కంపెనీలో, వారం వారం పని ఎంతవరకు వచ్చిందో రాయడమే ఆమె ఉద్యోగం. ఆ కాగితం నగరపాలక సంస్థకీ, బ్యాంకుకీ, చేపలమ్మేవాళ్ల సంఘానికీ వెళుతుంది. ఇవాళ్టితో ఆమె రిటైరవుతోంది. మధ్యాహ్నం వీడ్కోలు విందు. పసుపన్నం గోపురంలా పేర్చి పెడతారు, దాని కొస తీసి గౌరవించదలచినవాళ్లకి పెట్టడం ఆచారం. నగరపాలక అధికారులూ వస్తారు. పదిమందీ నవ్వుతూ సాగనంపాలని ఎవరికి ఉండదు?

చదవడం ముగించి తలెత్తింది.

"అయితే అంతా బాగున్నట్టేగా," అంది సరింతెన్. "సోమవారం పాత చేపల కొట్టు విప్పేసుకుని కొత్తదాంట్లోకి పొమ్మని మా కోడలికి చెప్తా."

వినార్తి కళ్లజోడు పైకి తోసుకుంది. "మురుక్కాలవ సంగతి వినలేదా అక్కా?"

"ఏ కాలవ?"

"చదివానుగా. 'మురుగు పారుదల విషయమై మరికొంత సహకారం ఆశించబడుతున్నది' అని."

"అదా. ఎవరికో దండం పెడుతున్నావనుకున్నా."

మా సురబాయా నగరం వాళ్లం నోటితో కరుకే గానీ, కాగితం ముందు కూర్చుంటే ఎక్కడలేని మర్యాదా ముంచుకొస్తుంది. చెడ్డ కబురుకి నాలుగు కృతజ్ఞతలు చుట్టి ఆఖరి పేజీలో పడుకోబెడతాం. ఇన్నేళ్లూ వినార్తి ఆ పని చేయలేదు. ఇవాళ, పసుపన్నం ముందు ఎవరి మొహమూ మాడకూడదని, చేసేసింది. బజారు మురుక్కాలవ ఇంకా ఊరి కాలవతో కలవలేదు. సోమవారం చేపలమ్మేవాళ్లు లోపలికి వెళితే ఒక్క వానకే చీలమండలదాకా కంపునీళ్లు. వెనక్కి వద్దామంటే పాత కొట్లు ఉండవు.

ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. కాగితం తిరగేసి, మొదటి మాటే కొత్తగా రాసి చదివింది: "మురుక్కాలవ పూర్తి కాలేదు. పూర్తయ్యేదాకా పాత కొట్లు విప్పకూడదు. ఈ సంగతి నగరపాలక సంస్థ ఇవాళే సంఘానికి చెప్పాలి."

"ఇదీ మాటంటే. కోడల్ని ఆగమంటా," అంది సరింతెన్.

మా వాడుకలో పాక్ అంటే అయ్యగారు, బు అంటే అమ్మగారు. మేనేజరు పాక్ హెందార్తో అది చదివి కణతలు నొక్కుకున్నాడు. "చివరి రోజున కూడానా, బు వినార్తి? వాళ్లు విందుకి వస్తున్నారు. సోమవారం పంపుదాం."

"సోమవారానికి కొట్లు ఉండవు, పాక్."

"మీరు వెళ్లిపోతారు. తిట్లు తినేది నేను."

"అందుకే పసుపన్నం కొస మీకే పెడతాలెండి."

ఆయన నవ్వలేక నవ్వి, సంతకం పెట్టి పంపించాడు.

విందు మధ్యలో అధికారులిద్దరు ఫోన్లు పట్టుకుని బయటికి వెళ్లారు. తిరిగొచ్చి, పాత కొట్లు విప్పడం ఆపించామని ముభావంగా చెప్పారు. ఆమెను పొగడ్డానికి ఎవరూ లేవలేదు. వినార్తి గోపురం కొస తీసి హెందార్తో పళ్లెంలో పెట్టి, తాను మారు వడ్డించుకుని తృప్తిగా తింది. సాయంత్రం సంచీ భుజాన వేసుకుని, కొట్టు వైపు చెయ్యూపి బస్సెక్కింది.

మరుసటి శుక్రవారం హెందార్తో కాగితం పట్టుకొచ్చి, పొట్టి పీట మీద ఇబ్బందిగా సర్దుకున్నాడు. "అందరి సహకారానికీ కృతజ్ఞతలతో..." అని మొదలుపెట్టాడు.

"ముందు కాలవ సంగతి చెప్పండి, పాక్," అంది సరింతెన్.

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆయన మోచేతి పక్కనే, సరింతెన్ అలవాటుకొద్దీ పోసేసిన కాఫీ గ్లాసు మీద, పంచదార లేనిదని గుర్తుగా ఎర్ర దారం కట్టిన రేకుమూత ఉంది.