గడ్డకట్టిన గొంతు

నేను ఒక రాగి గొట్టం ముక్కను. నా మాటలు రాసిపెడుతున్న ఆమెకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. చెయ్యి నెమ్మది, ఒత్తులు తప్పుతాయి. విసుక్కోకుండా చదవండి. విసుగు నా దగ్గరే కావలసినంత ఉంది.

కొలిమిలో ఎర్రగా కాగి పుట్టినదాన్ని తీసుకెళ్లి చలికి అప్పగించారు. లడఖ్‌లో రోడ్డు పనికి వెళ్లిన శ్రీకాకుళం కూలీలకు చక్రాల మీద ఒక వంటిల్లు ఉండేది. పని ఎటు జరిగితే జీపు దాన్ని అటు లాక్కుపోయేది. దాని నేల కింద నన్ను బిగించారు. తొట్టిలోంచి కుళాయికి నీళ్లు అందించడం నా పని.

చలికాలం ముదిరాక రోజూ తెల్లారేసరికి నా గొంతులో నీళ్లు రాయిలా బిగుసుకునేవి. టీ లేక కూలీలు నన్ను తిట్టేవారు. తిట్లకు మంచు కరుగుతుందా? వంట చేసే పోలమ్మ మంచులో బోర్లా పడుకుని నాకు వేడి గుడ్డలు చుట్టేది. భర్త పోయాక ఆ వంటపనే ఆమెకు ఆధారం. ఇంకొక్క పొద్దు టీ అందకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని ఇంజనీరు చెప్పేశాడు.

రాత్రిళ్లు కుళాయి సన్నగా వదిలేస్తే నీళ్లు బిగుసుకోవని, ఆ చలిలోనే పుట్టి పెరిగిన జీపు డ్రైవరు ఆమెకు ఉపాయం చెప్పాడు. ఆమె దారమంత ధార వదిలి పడుకునేది. అయినా పొద్దున్నే నేను రాయినే. వేడి గుడ్డలతో ఎలాగో కరిగించి టీ అందించేది. ఆమె డ్రైవరు మాటను అనుమానించింది, చివరికి నన్నూ అనుమానించింది. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. మేస్త్రి నూకయ్య పడుకోబోయే ముందు చుట్ట ఆర్పి వచ్చి, కుళాయి బిగించి పోయేవాడు. ధారకు తిప్పింది వెంట్రుకవాసే కాబట్టి పొద్దున ఆమె ఆ తేడా పోల్చుకునేది కాదు. వద్దురా నాయనా అని అరుద్దామంటే, గొట్టానికి నోళ్లు రెండున్నా మాట ఒక్కటీ లేదు.

చివరికి ఒకనాడు నిలువునా పగిలాను. పొద్దున పోలమ్మ కుళాయి తిప్పి చూసింది. "దీన్నెవులు కట్టీసినారు?"

"నానేనప్పా," అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటుందనుకుని. "రోజూ నానే కడతన్నాను. కుళాయి కారితే ఇంట లచ్చిమి నిలవదు కదేటి."

ఆమె మూట కట్టుకోసాగింది. "లచ్చిమి ఎల్లిపోద్దని కట్టీసినావు. ఇప్పుడు నానెల్తన్నాను బావూ."

మేస్త్రి గునపం, బిందె పట్టుకుపోయి, వాగు మీద మంచు పగలగొట్టి నీళ్లు మోసుకొచ్చాడు. టీ మరిగింది. ఆనక ఇంజనీరు ముందు నిలబడి తప్పు తనదేనన్నాడు. ఆమె మూట విప్పింది.

నన్ను కోసేసి కొత్త గొట్టం వేశారు. ఇక రాత్రిళ్లు ధార ఆగలేదు. లక్ష్మి నేలపాలు కాకుండా దాని కింద మేస్త్రే బిందె పెట్టేవాడు.

పాత సామాన్లలో పడాల్సిన నాలోంచి పగలని కొసను పోలమ్మ దాచుకుంది. ఇప్పుడు ఆమె కట్టెల పొయ్యికి నేను ఊదుగొట్టాన్ని. పొగకు దగ్గినప్పుడల్లా నన్నే తిడుతుంది. తిట్టనీ. నా గొంతులో ఇప్పుడు వెచ్చటి ఊపిరి ఆడుతోంది.

రాసినది బొడ్డు పోలమ్మ. అరవై మూడేళ్లు. ఇప్పుడు మందసలో ఉంటున్నాను.