క్లచ్ లేని కారు

ఎర్ర కారు ఎక్కి, కాళ్ల దగ్గరి రబ్బరు పట్టా లేపి, కింద వేళ్లు జొనిపి, వాటిని వాసన చూసుకున్నాడు నాగప్ప. పైన అత్తరు వాసన, దాని కింద ఎంత అణిచినా అణగని బురద వాసన. పాత కారు అమ్మేవాడు లోపల అత్తరు చల్లాడంటే ఏదో దాస్తున్నాడనే. ముప్పై ఆరేళ్లుగా స్టీరింగ్ పట్టినవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

సీటు బెల్టు పట్టుకుని చివరికంటా లాగాడు. మామూలుగా ఎవరూ లాగని ఆ కొసన, నల్ల పట్టీ మీద అడ్డంగా మట్టి చార. ఈ బండి ఏ వరదలోనో సీటుదాకా మునిగి తేలింది. పైకి మాత్రం పెళ్లికూతురిలా తళతళలాడుతోంది. బెల్టు వదిలేస్తే సర్రున లోపలికి పోయి దాక్కుంది.

వనపర్తిలో బుచ్చన్న అనే ఆయన పాత కార్లు అమ్మే రేకుల షెడ్డు అది. ఎర్రదాని పక్కనే తెల్ల కారు. రెండూ చిన్నవే, రెండూ పదేళ్లవే, ధర కూడా ఇంచుమించు ఒకటే. కొనవలసిన సుమన మేడం అవతల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ఇల్లు గద్వాలలో, ఉద్యోగం వనపర్తి జూనియర్ కాలేజీలో. తొమ్మిదేళ్లుగా పొద్దున ఆమెను తీసుకురావడం, సాయంత్రం దాకా కాలేజీ గోడ నీడలో కూర్చోవడం, మళ్లీ ఇంటికి చేర్చడం నాగప్ప పని. పోయిన నెల పాత బండి ఇంజను పట్టేసి మూలబడింది. ఇవాళ ఇద్దరూ బస్సెక్కి వచ్చారు.

తెల్ల కారు బానెట్ ఎత్తి, తిరుగుతున్న ఇంజను పక్కన చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎక్కడా తడబాటు లేదు. టైర్లు నాలుగూ ఒకే తీరున అరిగాయి. బెల్టు కొసదాకా శుభ్రంగా ఉంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దొరికితే బాగుండునని అతను వెతకని చోటు లేదు. దానికి క్లచ్ లేదు, చేత్తో మార్చే గేర్లు లేవు, అంతే తేడా. సైకిలు రానివాళ్లు కూడా నడపొచ్చని బుచ్చన్న ఊరించాడు. నాలుగేళ్ల కిందట గేర్ల బండి నేర్చుకోబోయి కల్వర్టుకు గుద్ది, ఇక నా వల్ల కాదని చేతులెత్తేసిన మేడం, ఇందాక ఈ బండిలో ఆవరణ చుట్టూ రెండు చుట్లు కొట్టింది. దిగినప్పుడు ఆమె ముఖంలో అంత సంతోషం నాగప్ప ఏనాడూ చూడలేదు.

నాగప్పకు యాభై తొమ్మిది. గట్టు అనే ఊరి దగ్గర నాలుగెకరాల చెలక వానకోసం ఎదురుచూసి ఎదురుచూసి ఎండిపోతే, ఇరవై దాటాక లారీకి క్లీనరుగా ఎక్కాడు. లారీ, జీపు, పెళ్లిళ్ల వ్యాను, ఆఖరికి మేడం కారు. బతుకంతా ప్రయాణమే గాని అందులో ఒక్కటీ తన ప్రయాణం కాదు. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ పిక్క కుడిదానికంటే లావెక్కింది. మొన్న ముందుచూపుతో ఒక స్కూలు బస్సు పని అడిగితే, యాభై దాటినవాళ్లు వద్దన్నారు. ఇంటి దగ్గర భార్య జములమ్మ నడుం పట్టేసి ఏడాదిగా కూలికి పోవడం లేదు.

మంచి బండికి డ్రైవరు అక్కర్లేదు. చెడ్డదానికే కావాలి. ఎర్రదాని వైర్లు రేపో మాపో పుచ్చి, దారిలో బీచుపల్లి వంతెన మీద ఆగిపోతుంది. ఆగితే ఆగనీ. పక్కన తనుంటాడు, తనే దిగి బాగుచేస్తాడు. నిజం చెబితే తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టు.

మేడం దగ్గరికి వచ్చింది. "ఏది తీస్కుందాం నాగప్పా? నాకు వీటి సంగతి తెల్వదు. నువ్వు ఏదంటే గదే."

"ఎర్రది మేడం. దమ్మున్న బండి."

ఆమె ముఖం కొంచెం వాడింది. "సరే. నువ్వు ఊరికి పోయిననాడు అమ్మను కర్నూలు దవాఖానకు మా తమ్ముడు తీస్కపోతడు. గేర్ల బండి వానికైతే వస్తది."

తను పక్కన లేని ఎర్ర కారు నాగప్ప ఊహకు అందలేదు ఇంతవరకు. అందులో ఆ ముసలమ్మ. తొమ్మిదేళ్లుగా మోకాలు పట్టి, తల తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి ఎక్కించింది తనే. మేడం బుచ్చన్న వైపు నడిచింది. నోరు మూసుకుంటే చాలు, ఇల్లు గడుస్తుంది. మూసుకోలేకపోయాడు.

"ఆగుండ్రి మేడం. ఎర్రది వద్దు. నీళ్లల్ల మునిగిన బండి గది. నేనే అబద్ధం చెప్పిన."

ఎందుకని ఆమె అడగలేదు. అతని ముఖం చూసింది, తెల్ల కారు చూసింది, తల వంచుకుంది. కాగితాల మీద సంతకాలయ్యేదాకా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

తెల్ల కారును షెడ్డులోంచి బయటికి తీసింది నాగప్పే. రోడ్డు మీద నిలబెట్టాక, ఇక్కడినుంచి తను నడుపుతానంది మేడం. అతను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ వైపు కూర్చున్నాడు. ఆమె సీటును ముందుకు జరుపుకుంది. పెబ్బేరు దాటింది, వంతెన దాటింది, ఎర్రవల్లి చౌరస్తాలో తిరిగింది. లారీ ఎదురైనప్పుడల్లా నాగప్ప ఎడమ కాలు తనంతట తనే నేలను గట్టిగా తొక్కింది. అక్కడ తొక్కడానికి ఏమీ లేదు. ఆమె బాగానే నడిపింది. అదే అతనికి ఏడుపు తెప్పించింది.

గద్వాలలో అతని సందు మొగదల ఆపింది. "రేపు రాకు నాగప్పా. జర అలవాటు చేస్కుంట. దూరం పోయేదుంటే ఫోన్ చేస్త."

"మంచిది మేడం. మలుపుల కాడ జర నిమ్మలం," అని తలుపు మెల్లగా వేశాడు.

కారు స్పీడ్ బ్రేకర్ మీద ఆగకుండా, కుదుపు లేకుండా ఎక్కి దిగి పోయింది. అరికాళ్లు చుర్రుమంటే అప్పుడు కిందికి చూసుకున్నాడు. వట్టి కాళ్లు. పెడళ్లు అరికాలికి తెలియాలని బండి ఎక్కేముందు చెప్పులు విప్పడం లారీనాటి అలవాటు. ఇవాళ అరవై కిలోమీటర్లు ఊరికే కూర్చుని వచ్చి కూడా వాటి సంగతే గుర్తు రాలేదు. వనపర్తిలో, ఎర్ర కారు డ్రైవరు తలుపు పక్కన, ఎవరో ఇప్పుడే లోపలికి ఎక్కినట్టుగా ఆ చెప్పుల జత ఉండిపోయింది.