చాతీ ఇరవై నాలుగు

ఆ టైలరు ఎదుటి మనిషి ముఖం కంటే ముందు భుజాలు చూస్తాడు. "ఎడమ భుజం అర అంగుళం దిగిందండీ, ఆ సంచి కుడిచేత్తో మొయ్యండి" అని నడివీధిలో ఆపి మరీ చెప్తాడు. టేపు అక్కర్లేదు, కంటితోనే కొలత చెప్పేస్తాడని పేరు. అలాంటి మనిషి నాలుగేళ్ళపాటు ఒకే తప్పు చేస్తూ వచ్చాడంటే ఎవరు నమ్ముతారు? కానీ చేశాడు.

ఆయనకో కూతురుండేది. నోరు ఆగదు కనుక ఇంట్లో అందరూ పిట్ట అనేవారు. ఎనిమిదో ఏట పిట్టకి రక్తంలో క్యాన్సర్ వచ్చింది. మందు ఎక్కించడానికి మెడ కింద, ఛాతీ పైభాగాన సన్నటి గొట్టం పెట్టారు. మందు ఎక్కించిన ప్రతిసారీ వార్డులో అందరి ముందూ చొక్కా విప్పాలి. చలి ఒకటి, సిగ్గు ఒకటి. "సూదికి ఏడవను గానీ చొక్కా విప్పమంటే మాత్రం ఏడుస్తా" అని నర్సులతో ముందే ఒప్పందం చేసుకుంది. ఒకరోజు తండ్రి మీద విరుచుకుపడింది.

"అందరికీ కుడతావు. నా చొక్కాకి ఇక్కడో చిన్న తలుపు పెట్టలేవా నాన్నా?"

టైలరుకి తల కొట్టేసినట్టయింది. ఇంత చిన్న పని తనకెందుకు తట్టలేదు? ఆ సాయంత్రమే కుట్టాడు. మెడ దగ్గర్నుంచి చంక దాకా తెరుచుకునే ముక్క, దానికి నాలుగు టిచ్ బటన్లు. బటన్లు తల్లి కుట్టింది. పిట్ట దాన్ని టపటపా తెరిచి మూసి, "డాక్టరు గారూ, తలుపు కొట్టి రండి" అని వార్డంతా నవ్వించింది. చివరి ఐదు నెలలూ ఆ తలుపు చొక్కాల్లోనే గడిపింది. చొక్కా విప్పమని ఎవరూ అడగలేదు, ఆ పిల్ల ఏడవలేదు.

పిట్ట పోయాక నెల రోజులు దుకాణం తెరవలేదు. తెరిచిన రోజు మొదట కుట్టినవి ఆరు తలుపు చొక్కాలు. వార్డులో మిగతా పిల్లలకని. అప్పట్నుంచి నెలకి ఆరు, తప్పకుండా. వార్డు గుమ్మం దగ్గర నర్సు చేతిలో పెట్టి, "మా పిట్టని బాగా చూసుకున్నారమ్మా" అని తనే దణ్ణం పెట్టి వెనక్కి తిరిగేవాడు. నిజంగానే ఆ నర్సులంటే ఆయనకి ప్రాణం. కానీ గుమ్మం దాటి ఒక్క అడుగు లోపలికి వేసింది లేదు. పిల్లల్ని చూసింది లేదు.

ఆ మధ్య కొత్తగా పెద్ద నర్సు వచ్చింది. మొహమాటం తెలియని మనిషి.

"టైలరు గారూ, ఒక్క నిమిషం. చెబితే బాధపడతారేమో, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు" అంటూ గుమ్మం పక్కనున్న బీరువా తెరిచింది. మూడు అరల నిండా చొక్కాలు. మడత నలగలేదు.

"ఇవన్నీ..."

"మీవే. ఇంత మంచి కుట్టు నేనెక్కడా చూళ్ళేదు. కానీ అన్నీ ఒకటే సైజండీ. ఇక్కడ మూడేళ్ళ వాళ్ళున్నారు, పదిహేనేళ్ళ వాళ్ళున్నారు. సరిపోయిన పిల్లలు సంబరంగా వేసుకుంటారు. సరిపోనివాళ్ళు పక్క మంచం వైపు చూస్తూ కూర్చుంటారు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేం?"

"మీ ముఖం చూస్తే నోరు రాలేదట."

టైలరు ఒక చొక్కా అందుకున్నాడు. టేపుతో పని లేదు. చాతీ ఇరవై నాలుగు, భుజం పది. పిట్ట కోసం కత్తిరించిన కాగితం కొలతే గుడ్డ మీద పరిచి, నాలుగేళ్ళుగా అదే గీస్తున్నాడు.

ఇంటికొచ్చి భార్య మీద ఎగిరాడు. కోపం ఎవరి మీదో ఆయనకే తెలియదు, ఎదురుగా దొరికింది ఆవిడ.

"బటన్లు కుట్టేది నువ్వే కదా! నీకు తెలీదూ?"

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నావా?"

"దుకాణం తెరిచిన రోజు మీరు కత్తెర పట్టుకున్నారు, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నారు. ఆ రోజు సైజుల గురించి మాట్లాడమంటారా?"

"పోనీ, తర్వాతైనా చెప్పొచ్చుగా?"

"తర్వాత నాకూ అలవాటైపోయింది. ఆ చొక్కా ఒళ్ళో పెట్టుకుని కుడుతుంటే హాయిగా ఉండేది."

టైలరు కోపం ఎటు పోయిందో పోయింది. తనని నిలబెట్టింది కత్తెర కాదు, ఈ మనిషి. ఆ సంగతి నాలుగేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

"వేరే కొలత కత్తిరిస్తే పిట్టని వదిలేసినట్టుంటుందే నాకు" అన్నాడు.

"దాని చొక్కాలు బీరువాలో మగ్గుతున్నాయని తెలిస్తే అది ఊరుకునేదా? మనిద్దర్నీ ఉతికి ఆరేసేది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ కొలతల పుస్తకం చంకన పెట్టుకుని ముందు నడిచింది. వార్డు గుమ్మం దగ్గర ఆయన కాళ్ళు ఆగిపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ లోపలికి వెళ్ళిపోతుంటే ఒక్కడే బయట నిలబడలేక ఆయనా వెళ్ళాడు.

కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి, బోడి గుండు, చేతిలో పుస్తకం. ఆయన్ని చూస్తూనే మొదలుపెట్టింది.

"నాకు కుందేళ్ళూ పువ్వులూ ఉన్న గుడ్డ వద్దు అంకుల్. నేను చంటిదాన్ని కాదు. జేబు కూడా కావాలి."

"అలాగేనమ్మా" అని, గొట్టానికి తగలకుండా టేపు చుట్టాడు. "చాతీ ఇరవై ఏడు. భుజం పన్నెండు. నీకెన్నేళ్ళు తల్లీ?"

"పన్నెండు."

భార్య కలం ఆగింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోలేదు, చూసుకుంటే కష్టం. పిట్ట ఉంటే ఈపాటికి ఇంత ఉండేది. భుజం ఇక్కడికి వచ్చేది, చేయి ఇంత పొడుగు సాగేది. నాలుగేళ్ళుగా ఆయన చేతులకి తెలియని సంగతి అది. అది చూపించినందుకు ఆ పిల్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

"థాంక్సమ్మా" అన్నాడు.

"ఇంకా కుట్టనే లేదు, అప్పుడే థాంక్సేంటి?" అందా పిల్ల. తర్వాత ఏదో గుర్తొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "అంకుల్, కొలతకి సరిగ్గా కుట్టెయ్యకండి. వదులుగా ఉంచండి. నేను పెరుగుతాను కదా!"

టైలరు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అటే చూస్తూ భార్యతో అన్నాడు.

"ఇరవై ఏడు కొట్టెయ్. ముప్పై రాయి."