ఎడమచేతి హారతి

గణపతి తొండం పొరపాటున కుడివైపు తిరిగిందా, విశ్వేశ్వరరావు కావాలనే తిప్పాడా? పన్నెండు పదమూడేళ్లుగా బాల్‌రాజ్‌ను తొలిచేస్తున్న సందేహం ఇదే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఉన్న తన ఫొటో స్టూడియోలో పొద్దున్నే దీపం పెడుతుంటే గుర్తొచ్చేది. పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నవాళ్ల గడ్డం కాస్త పైకెత్తమని చెబుతుంటే గుర్తొచ్చేది. పొరపాటైతే మరిచిపోవచ్చు. కావాలని చేస్తే మాత్రం వదలకూడదు. అది తేలేదాకా ఆ మనిషిని క్షమించడానికీ లేదు, కసితీరా శపించడానికీ లేదు.

జరిగింది ఇది. ఆ రోజుల్లో విశ్వేశ్వరరావు తీర్థయాత్రల బస్సు నడిపేవాడు. కోస్తా నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి, మంచి మాటకారి. బాల్‌రాజ్ కొత్తపేట పాత ఊరివాడు. గోపురాల ముందు యాత్రికులను వరసగా నిలబెట్టి ఫొటోలు తీయడానికి రావు అతన్ని వెంట తీసుకెళ్లేవాడు. కాశీ, పూరీ, ద్వారక, రామేశ్వరం. జనం దర్శనం లైన్లో ఉంటే బాల్‌రాజ్ స్తంభాల చుట్టూ తిరిగేవాడు. రాతి ఏనుగులు, అరిగిపోయిన మెట్లు, మండపం నీడలో పూలు గుచ్చే ముసలమ్మలు, ఇవన్నీ తన సంతోషం కోసం తీసుకునేవాడు. కానీ రీళ్లు రావు కొనిచ్చినవి. తిరిగొచ్చాక అన్నీ రావు చేతికే పోవాలి.

ఒకసారి తుంగభద్ర దాటాక బస్సు టైరు పేలింది. రోడ్డు పక్క పొలాల్లో, పైకప్పు సగం కూలిన పాత గుడి ఒకటి కనబడింది. లోపల గోడకు చెక్కిన గణపతి, తొండం ఎడమకు. ఆ రోజు తీసినటువంటి ఫొటో బాల్‌రాజ్ అంతకుముందు తీయలేదు, తరవాతా తీయలేదు. మరుసటి ఏడు రావు బస్సు అమ్మేసి క్యాలెండర్ల వ్యాపారంలోకి దిగాడు. మొట్టమొదటి క్యాలెండరు మీద అదే గణపతి. అదే వెలుగు, పొట్ట మీద అదే పగులు. తొండం మాత్రం కుడికి ఉంది. అడుగున ‘ఛాయాచిత్రం: విశ్వేశ్వరరావు’ అని ఉంది.

బాల్‌రాజ్ ఆ క్యాలెండరు పట్టుకుని పరుగున వెళ్తే రావు నవ్వాడు.

“నీ గణపతి తొండం ఎడమకి కదయ్యా బాల్‌రాజూ? ఇది చూడు, కుడికి. నీదెట్టా అవుద్ది? ఆ రోజు నేనూ తీశాగా!”

అక్కడున్న నలుగురూ నవ్వారు. నెగటివ్ తిరగేసి అచ్చువేశారని బాల్‌రాజ్‌కి తెలుసు. కానీ ఆ నెగటివ్ రావు బీరువాలో ఉంది.

కుడి తొండం గణపతి అరుదు, మహా మహిమ అని రావు ప్రచారం చేసుకున్నాడు. ఏటేటా అదే బొమ్మ వేశాడు. చీరల కొట్లో, టిఫిను సెంటర్లో, కోచింగ్ సెంటరు ఆఫీసులో, చివరికి బాల్‌రాజ్ గడ్డం గీయించుకునే షాపులో కూడా అదే దేవుడు, అదే పేరు. దండం పెట్టకుండా ఉండలేడు, దేవుడాయె. పెడితే కింద చదవకుండా ఉండలేడు. మొక్కిన ప్రతిసారీ శత్రువు పేరు చదవాల్సి రావడం ఏ పాపానికి శిక్షో అతనికి అంతుబట్టలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు వచ్చాయి. బస్సులు డిపోలు దాటడం లేదు, బళ్లు మూసేశారు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఎల్బీనగర్ చౌరస్తాలో పొద్దంతా ధర్నాలు, వంటావార్పు. ఒక మధ్యాహ్నం అంతయ్య ఏదో కరపత్రం పట్టుకుని స్టూడియోకి వచ్చాడు. ఉద్యమం నడిపే కాలనీ జేఏసీలో అంతయ్య మాటకు బరువుంది. బాల్‌రాజ్‌కి చిన్నప్పటి నుంచీ దోస్తు.

“అన్నా, గా క్యాలెండర్ రావు లేడూ? ఎల్బీనగర్ల కమ్యూనిటీ హాలు తీస్కొని ఫొటోల ప్రదర్శన పెడ్తున్నడట. దేశంల ఉన్న పాత గుళ్లు, కోటలు అన్ని. మమ్మల్ని పర్మిషన్ అడిగిండు. బ్యానర్ మీద జై తెలంగాణ అని మాకంటే పెద్దగ రాయించిండు.”

“భయం.”

“భయమే మరి. నువ్వు ఊఁ అంటే పెట్టనిస్తం. ఊహూఁ అంటే తాళమేస్తం. మీ ఇద్దరి లొల్లి మాకెర్కలేదా?”

బాల్‌రాజ్ కరపత్రం అందుకున్నాడు. సగం కాగితం గణపతే. ఇన్నేళ్లూ క్యాలెండర్లలో అంచులు కత్తిరించి దేవుణ్ణి మాత్రమే వేసేవారు. ఈసారి గొప్పకు పోయి ఫొటో మొత్తం వేశారు. ఒక పక్కన, నీడలో, పక్క ఊరి నుంచి వచ్చి దీపం పెట్టిపోయే బక్కపలచటి ముసలి పూజారి హారతి పడుతున్నాడు. బాల్‌రాజ్ భూతద్దం పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. పగలబడి నవ్వాడు.

“ఏందన్నా, ఏమైంది?”

“తాళం వద్దు అంతయ్యా. పెట్టుకోనీ. మంచిగ పెట్టుకోనీ. ఎంతమందిని పిలుస్తడో పిలవనీ.”

ప్రదర్శన మొదలయ్యే రోజు బాల్‌రాజ్ పొద్దున్నే తలస్నానం చేసి, యాదగిరి నరసింహస్వామి పటం ముందు చాలాసేపు కూర్చున్నాడు. స్టూడియోలో గిరాకీలు తల దువ్వుకునే అద్దాన్ని ముందురోజే ఊడదీసి ఇంటికి తెచ్చాడు. దాన్ని దుప్పట్లో చుడుతుంటే భార్య అరుణ గుమ్మంలో నిలబడి చూసింది.

“దేవుని ముందల కూసొని పగ తీర్చమని మొక్కుతరా ఎవరన్న?”

“హిరణ్యకశిపుని పేగులు మెడలేసుకున్న దేవుడు. ఆయనకు చెప్పకుంటే ఇంకెవరికి చెప్త?”

“ఆయన ప్రహ్లాదుని కోసం చేసిండు. నువ్వెవరి కోసం చేస్తున్నవ్?”

బాల్‌రాజ్ దుప్పటి ముడి బిగించాడు. అద్దం ఒళ్లో పెట్టుకుని అంతయ్య స్కూటరు వెనక కూర్చున్నాడు.

హాల్లో కరెంటు లేదు. తలుపులు, కిటికీలు బార్లా తీసిపెట్టారు. గోడల నిండా కోణార్క చక్రాలు, రాజస్థాన్ మెట్లబావులు, కాశీ ఘాట్ల దగ్గర పడవలు. అందులో సగం తను తీసినవే. పళ్లు కొరుక్కున్నాడు కానీ ఆగలేదు. ఎదుటి గోడకు మనిషంత గణపతి, ముందు దీపం, పైన పూలదండ. పక్కన పట్టుకండువాతో విశ్వేశ్వరరావు, అతని చుట్టూ కాలనీ పెద్దలు. బస్సు రోజుల్లో యాత్రికులకు వండిపెట్టిన రావు భార్య అమ్మాజీ, వచ్చిన ఆడవాళ్లకు బొట్టు పెట్టి అందరికీ ప్రసాదం పంచుతోంది.

“రావయ్యా బాల్‌రాజూ! ఏంటది, అద్దమా? నాకు ప్రెజెంటేషనా?” అన్నాడు రావు.

“మీకే తెచ్చిన రావుసాబ్. జర ఒక్కటి చెప్పుండ్రి. గీ పూజారి ఏ చేత్తోని హారతిస్తున్నడు?”

జనం ముందుకు వంగారు.

“ఎడమచెయ్యి!” అందొక పెద్దావిడ, చెంపలు వేసుకుంటూ.

రావు తొణకలేదు. “ఎడమచేతి వాటం అయ్యుంటాడు. లోకంలో ఉండరా ఏంటి?”

“ఉంటరు. జంధ్యం గూడ ఎడమచేతి వాటమేనా?”

అందరి కళ్లూ పూజారి భుజం మీదికి పోయాయి. జంధ్యం కుడి భుజం మీదుగా వేలాడుతోంది. అలా వేసుకునేది తద్దినాలప్పుడు, పితృకార్యాలప్పుడు.

“ఏవండీ రావుగారూ, మొన్న మా గృహప్రవేశానికి ఈ పటమే కదా ఇచ్చారు!” అని ఒకాయన మీదికి వచ్చాడు. “శుభమా అని గుమ్మంలో అడుగుపెడుతూ తద్దినానికి దండం పెట్టామా మేము?”

బాల్‌రాజ్ దుప్పటి తీసి అద్దాన్ని ఫొటోకి ఎదురుగా నిలబెట్టాడు. అద్దంలో పూజారి కుడిచేత్తో హారతి పట్టాడు. జంధ్యం ఎడమ భుజం మీదికి వచ్చింది. గణపతి తొండం ఎడమకు తిరిగింది.

“నా గణపతి తొండం ఎడమకంటిరి గద రావుసాబ్, గిప్పుడు మీదీ ఎడమకే ఉన్నది. మరి ఎవరిదిది?”

రావు కండువాతో మెడ తుడుచుకున్నాడు. “నెగటివ్ తిరగబడితే నీదైపోద్దా? ఆ రోజు నా దగ్గరా కెమెరా ఉంది. నేను తియ్యలేదనడానికి సాక్ష్యం ఏది?”

బాల్‌రాజ్ అద్దం వైపు చూశాడు. సాక్ష్యం లేదు. అద్దం దాకానే ఆలోచించాడు.

“మీరు తియ్యలేదండీ,” అంది అమ్మాజీ.

“నువ్వూరుకో.”

“ఎందుకూరుకోవాలి? లోపల చీకటిగా ఉందని నా స్టీలు పళ్లెం ఎండలో పట్టుకుని దేవుడి మీదికి వెలుగు కొట్టించాను. చేతులు పడిపోయాయి. ఎవరికి పట్టుకున్నాననుకున్నారు, మీకా? మీరు రోడ్డు మీద టైరు మార్పిస్తా డ్రైవర్ని తిడతన్నారు. లోపల ఫొటో తీసింది అన్నయ్యగారు.”

“గిన్నేండ్ల సంది చెప్పలేదేందమ్మా?” అన్నాడు అంతయ్య.

“నన్నెవరడిగారు బాబూ?”

వెనక నుంచి ఎవరో జై తెలంగాణ అన్నారు. అంతయ్య జేబులోంచి తాళం తీశాడు. బాల్‌రాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగుండ్రి. గిది తెలంగాణ లొల్లి గాదు. నా లొల్లి.”

రావు కుర్చీలో కూలబడ్డాడు. బాల్‌రాజ్ అతని ముందు నిలబడ్డాడు. మర్యాద అప్పటికే నోటి నుంచి పోయింది.

“ఒక్కటి చెప్పు. ప్రెస్సోళ్లు పొరపాటున తిరగేసిన్రా, నన్ను దోచుకోనీకి నువ్వే తిప్పించినవా?”

“నేనే తిప్పమన్నా,” అన్నాడు రావు, తల ఎత్తకుండా. “క్యాలెండరు మీద కొట్టు పేరు ఎటుంటే దేవుడు అటు చూడాలి. లేకపోతే ఆర్డరిచ్చే పార్టీలు ఒప్పుకోరు. అందుకే. తర్వాత నువ్వొచ్చి అడిగావు, నోటికి అదొచ్చింది.”

బాల్‌రాజ్‌కి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ తన మీద పన్నిన పన్నాగమనుకున్నాడు. పన్నాగం కూడా కాదు. తొండం తిప్పేటప్పుడు ఆ మనిషికి తను గుర్తుకైనా రాలేదు.

“పేరు కొట్టెయ్. నా పేరు రాయ్,” అన్నాడు. “అద్దం ఈడనే ఉంటది. ప్రదర్శన అయ్యేదాంక నువ్వు గీ కుర్చీల కూసొని, వచ్చినోళ్లందరికి చెప్పాలె. ఫొటో ఎవరు తీసిన్రు, దేవుడు ఎందుకు తిరిగిండు. ఒక్కరికి చెప్పకున్నా తాళం పడ్తది.”

రావు లావుపాటి పెన్నుతో తన పేరు కొట్టేసి బాల్‌రాజ్ పేరు రాశాడు.

మర్నాటి నుంచి బాల్‌రాజ్ రోజూ వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రావు గొంతు వినిపించేది. “ఇది బాల్‌రాజుగారు తీసిందండీ. నేను తిప్పించాను.” తియ్యగా ఉండేది. అబద్ధమెందుకు, చాలా తియ్యగా ఉండేది. ఒకరిద్దరు రావు ముఖం మీదే ఛీ అని పోయారు. అప్పుడు ఇంకా తియ్యగా ఉండేది. స్వామికి ఇది సమ్మతమేనా అని రాత్రి పటం ముందు అడిగితే, స్వామి మామూలుగానే కోపంగా ఉన్నాడు. ఆ కోపం ఎవరి మీదో తెలిసేది కాదు.

ఒక రోజు అమ్మాజీ ప్రసాదం చేతిలో పెట్టి అడిగింది. “అన్నయ్యగారూ, మీ సంగతి తేలిపోయింది. మరి నాది?”

“నీదేంది చెల్లె?”

“పళ్లెం పట్టుకున్నందుకు నాకో ఫొటో తీసిపెడతానన్నారు. తీరా అడిగితే రీలైపోయింది చెల్లెమ్మా, మళ్ల తీస్త అన్నారు. అన్ని యాత్రల ఫొటోల్లో నేను ఒక్కదాంట్లోనూ లేనండీ. పొయ్యి దగ్గరే సరిపోయింది.”

బాల్‌రాజ్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. రావు తనకు చేసింది ఒక్కరోజూ మరవలేదు. తను ఈమెకన్నది ఒక్కరోజూ తలచుకోలేదు. భుజానికున్న కెమెరా తీశాడు. కిటికీ పక్కన, వెలుతురు బాగున్నచోట ఆమెను నిలబెట్టాడు. రావు అలవాటుగా కండువా సర్దుకుంటూ వచ్చి పక్కన నిలబడబోయాడు.

“మీరు కూర్చోండి. నా ఒక్కదానిదే,” అంది అమ్మాజీ. పైట సరిచేసుకుంది. “జాగ్రత్త అన్నయ్యగారూ, నన్నూ తిప్పెయ్యగలరు.”

బాల్‌రాజ్ తొందరపడలేదు. మబ్బు పోయేదాకా ఆగి, మళ్లీ ఎండ వచ్చాక తీశాడు.

మర్నాడు పొద్దున్నే ఫొటో కడిగించి, అట్టకు అతికించి తెచ్చి ఇచ్చాడు. అమ్మాజీ రెండు చేతులతో అందుకుని దూరంగా పెట్టి చూసుకుంది.

“ముసలిదాన్నైపోయాను.”

“అప్పుడే తీసుంటే బాగుండు చెల్లె. తప్పు నాదే.”

“బానే ఉందిలెండి,” అని ఫొటోని పైట చెంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది. లోపల రావు ఎవరికో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. బాల్‌రాజ్ ఆ రోజు వినడానికి ఆగలేదు.