టైము కాకుండా కదలని బస్సు

క్లిఫర్డ్ నవ్వితే మంచం ఊగేది. పుస్తకాన్ని గుండెల మీద బోర్లించి, కళ్ళు తుడుచుకుంటూ, "పిల్లా, ఈ ఒక్క ముక్క వినవే," అనేవాడు.

బెరిల్ అటు తిరిగి పడుకునేది. "దేవుడు టికెట్టు లేకుండా బస్సెక్కే కథేగా? నాకు వద్దు బాబూ."

"ఆయనకు నవ్వు రాదనుకున్నావా?"

"నీతో వాదన నాకెందుకు? లైటార్పు."

ఆ పుస్తకం అతను పెళ్ళికి ముందు కొన్నది. అట్ట మీద చుక్కల మధ్య ఎగిరిపోతున్న రెండంతస్తుల బస్సు బొమ్మ. చదివి చదివి కుట్లు ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నాడు. ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ ఊళ్ళో జీవితమంతా బస్సు నడిపిన మనిషికి, ఆకాశంలో బస్సు నడిపే డ్రైవరు కథ నచ్చడంలో వింతేముంది అనుకునేది బెరిల్. ఆమె ఆదివారాలు చర్చిలో, గద్ద ఆకారంలో ఉన్న ఇత్తడి పీట రెక్కల మీద పరిచిన పెద్ద బైబిలు ముందు నిలబడి వాక్యం చదివే మనిషి. ఆమె కంఠం చివరి బల్ల దాకా వినబడుతుందని అందరూ మెచ్చుకుంటారు.

ఇప్పుడు క్లిఫర్డ్ హాస్పిస్‌లో ఉన్నాడు. అక్కడికి వచ్చేవాళ్ళు ఇంటికి తిరిగి వెళ్ళడం అరుదు. ఊపిరితిత్తులు చెడిపోయి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చూపు అక్షరాల మీద నిలవడం లేదు.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, బెరిల్ గారూ," అంది నర్సు లినెట్. "ఆయనకు అన్నీ వినిపిస్తాయి."

ప్రార్థనలన్నీ చేసేసింది. పక్కింటి పిల్లి సంగతి కూడా చెప్పేసింది. ఆమెకు మిగిలిన కోరిక ఒక్కటే. అతను ఇంకొక్కసారి నవ్వాలి. ఆ నవ్వేటప్పుడు తాను అటు తిరిగి ఉండకూడదు.

మర్నాడు మధ్యాహ్నం టీ తాగి, సంచిలోంచి పుస్తకం తీసి రబ్బరు బ్యాండు విప్పింది.

క్లిఫర్డ్ ఒక కన్ను తెరిచాడు. "నువ్వా? అదా?"

"నోరు మూసుకుని విను."

"ముందు ముందు దేవుడు ఎక్కుతాడు మరి."

"ఎక్కనీ. దింపెయ్యమని నేను అననులే."

చదవడం మొదలుపెట్టింది. విశ్వం ఆ చివర నుంచి చాపలా చుట్టుకుంటూ వచ్చేస్తోంది. బస్సులో గగ్గోలు. ఎనిమిది చేతుల ఆవిడ ఎనిమిది చేతులతోనూ గంట కొడుతోంది. డ్రైవరు మాత్రం స్టాపులో బండి ఆపి ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. 'మనం కాస్త ముందొచ్చేశాం. టైము కాకుండా బండి తీస్తే, పరుగెత్తుకొచ్చేవాళ్ళ గతేం కాను?'

బెరిల్‌కు చదవడం ఒక్క తీరులోనే వచ్చు. ప్రవక్తల మాటలు ఎలా చదివేదో, ఎనిమిది చేతుల ఆవిడ కేకల్నీ అంత నిదానంగా, అంత గంభీరంగా చదివింది. అధ్యాయం అయిపోయింది. పుస్తకం మూసి, తలెత్తి, చర్చిలో పఠనం ముగించే అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగి అంది:

"ఇది ప్రభువు వాక్యం."

అన్న తరువాత గాని తెలియలేదు. మొహం ఎర్రబడిపోయింది.

దిండు మీద నుంచి, దారప్పోగంత సన్నగా, చర్చిలో జనమంతా బదులు చెప్పే మాటే వచ్చింది. "దేవునికి స్తోత్రం."

అతని భుజాలు కదిలాయి. నోట శబ్దం లేదు గాని మంచం ఇనుప కమ్మీ గలగలమంది. తరువాత దగ్గు ముంచుకొచ్చింది. లినెట్ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"ఏం లేదమ్మా," అన్నాడు క్లిఫర్డ్, ఊపిరి అందుకుంటూ. "మా ఆవిడ నా బస్సుకు బాప్తిస్మం ఇస్తోంది."

బెరిల్ కూడా నవ్వింది. నవ్వుతుండగానే ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ఒకసారి ఆమె అతని బస్సే ఎక్కింది. మార్కెట్టు స్టాపులో ఎవరూ లేకపోయినా అతను బండి తీయడు. ఆరాధనకు ఆలస్యమవుతోందని అందరి ముందూ తిట్టిపోసింది. అంతలో ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ సందు తిరిగి వచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఇందుకా నవ్వావు?" అంది.

"నువ్వు వింటేగా." అతని కళ్ళు మూతలు పడుతున్నాయి. "దేవుడెక్కేది తరువాతి దాంట్లో. నీకు నచ్చుతాడు చూడు."

"టికెట్టు లేకుండానా?"

"డ్రైవరు ఏమంటాడో... రేపు చదువు."

తెల్లవారకముందే అతను పోయాడు.

బెరిల్ వచ్చేసరికి దుప్పటి సర్ది, చేతులు గుండెల మీద పెట్టి ఉంచారు. "తీసుకెళ్ళేవాళ్ళు వచ్చి ఉన్నారండీ," అంది లినెట్, తలుపు దగ్గర నిలబడి.

"కాసేపు ఆగమను తల్లీ. ఒక్క అధ్యాయం."

కుర్చీ దగ్గరకు లాక్కుని చదివింది. గడ్డం మాసిన దేవుడు జేబులన్నీ తడుముకుంటున్నాడు. డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. 'కూర్చోండి. చాలాసేపటి నుంచి నిలబడ్డట్టున్నారు. టికెట్టు సంగతి దిగేటప్పుడు చూసుకుందాం.'

ఫక్కున నవ్వొచ్చింది ఆమెకు. మంచం వైపు చూసింది.

ఇందులో దేవుడికి కోపం రావలసినదేముంది? ఇన్నేళ్ళూ దేనికి భయపడి అటు తిరిగి పడుకుంది?

"ఇది ప్రభువు వాక్యం," అంది. ఈసారి పొరపాటున కాదు.

చర్చిలో ఆగేటంత సేపు ఆగింది. ఇంకా కాసేపు ఆగింది. ఇనుప కమ్మీ కదలలేదు.

పుస్తకానికి రబ్బరు బ్యాండు వేసి, లేచి నిలబడింది.

"రమ్మనమ్మా," అంది లినెట్‌తో. "టైమైంది."