ఆవిరి తొట్టె చెప్పిన లెక్క

నేను ఒక రేకు తొట్టెను. నాలుగడుగుల వెడల్పు, పదంగుళాల లోతు. కర్నూలులో ఒక రేకుల పనివాడు నన్ను అతికి లారీ ఎక్కించినప్పుడు, ఏ పశువులకో నీళ్లు పెట్టడానికనుకున్నాను. తీరా చూస్తే గుండ్లేరు జలాశయం ఆఫీసు ముందు, నీడ పడని చోట, చెక్కపీట మీద కూర్చోబెట్టి, నీళ్లు నింపి, పైన వల కప్పారు.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు, ఆఫీసులో కొలతలు రాసే మాబున్ని వచ్చేది. నిన్నటి గుర్తు నుంచి నీళ్లు ఎంత దిగాయో కొలిచి, పుస్తకంలో రాసి, తగ్గినంత మళ్లీ పోసేది. ఎండకూ గాలికీ నాలో తరిగినదాన్ని బట్టి, పైరు రోజుకు ఎంత తాగుతుందో లెక్క కట్టేవారు. ఏ పంటకు ఎన్ని తడులు అందుతాయో ఆ లెక్కతోనే తేలేది. మనుషులు ఆకాశాన్ని నమ్మలేక రేకును నమ్ముకున్నారు. నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆ ఏడు చలి ముదరాల్సిన పుష్యమాసంలో పొడిగాలి లేచింది. ఐదు మిల్లీమీటర్లు తగ్గాల్సిన రోజుల్లో ఎనిమిది తగ్గాయి. మాబున్ని రెండుసార్లు కొలిచి ఇంజనీరుకు చెప్పింది.

"పిట్టలు తాగుంటాయిలేమ్మా," అన్నాడాయన.

ఆమె వలకు కుట్లు వేసింది. కట్టె పట్టుకుని పొద్దుగూకేదాకా నా పక్కనే కాపలా కూర్చుంది. ఒక్క పిట్టా వాలలేదు. మర్నాడూ ఎనిమిదే.

"వరికి నీళ్లు సాలవు సార్. జొన్నలాంటి ఆరుతడి పంటలే ఏసుకోమని చెప్పండి."

"వరికి నీళ్లిస్తామని రైతులకు మాటిచ్చేశాం. ఇప్పుడెట్లా మారుస్తాం?" అంటూ ఇంజనీరు పుస్తకం తీసుకుని, నా అంచు మీదే పెట్టి, ఎనిమిది కొట్టేసి ఐదు వేశాడు.

ఆ వారంలోనే ఆమె మరిది ఖాజా వచ్చాడు. కాలువ చిట్టచివర మూడెకరాలు అతనివి.

"వదినా, ఆఫీసోళ్లు వరి ఏసుకోమంటాండారు. ఏద్దునా?"

మాబున్ని ఆఫీసు కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. "జొన్న ఏసుకో ఖాజా. నీళ్లు కడదాకా రావు."

"ఊరంతా వరి నాటుతాంటే నేనొక్కణ్నే జొన్న ఏస్తే నవ్వరా?" అని తనే నవ్వి వెళ్లిపోయాడు. వరే నాటాడు.

మాఘంలో తొమ్మిది. ఫాల్గుణంలో పది. జలాశయం నడుమ ఎన్నడూ కనిపించని రాళ్లు బయటపడ్డాయి. మాబున్ని అంకె రాసేది, పుస్తకం మూసేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. వరి పొట్టకొచ్చిన రోజుల్లో కాలువ ఆగిపోయింది.

నలభై మంది రైతులు పారలతో ఆఫీసు మీదికి వచ్చారు. ముందు ఖాజా. ఇంజనీరు వరండాలోంచి నావైపు వేలు చూపించాడు. "తొట్టెకు చిల్లుంది. తప్పుడు లెక్క ఇచ్చింది!"

చిల్లుంటే నీళ్లు ఎక్కువ తగ్గినట్టు కనపడాలి గానీ తక్కువ తగ్గినట్టు ఎందుకు కనపడతాయని ఎవరూ అడగలేదు. కోపంలో ఉన్నవాళ్లకు కొట్టడానికి ఏదో ఒకటి దొరికితే చాలు. ఖాజా పార నా పక్కలో దిగింది. నీళ్లు మట్టిలోకి కారిపోయాయి.

రెండో దెబ్బ పడేలోపు మాబున్ని అడ్డం నిలబడింది. "దానిదేం తప్పులేదు! ఎనిమిదని అది చెప్పింది, నేను రాసినా. దాన్ని కొట్టేసి ఐదేసిన రాత ఎవరిదో మీరే చూడండి!" అని పుస్తకం విప్పింది.

ఖాజా ఆ పేజీని చాలాసేపు చూశాడు. పార దించాడు.

"నాకు చెప్తివి. అందరికీ ఎందుకు చెప్పలేదు వదినా?"

"ధైర్యం లేకపాయె," అంది మాబున్ని.

రైతులు ఒకరి వెనక ఒకరు ఎండిన చేల వైపు వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా మాబున్నిని దూరానికి బదిలీ చేశారు. నన్ను సామాన్ల గదిలో పడేశారు. కిటికీలోంచి నా చోట కూర్చున్న కొత్త తొట్టె కనపడుతుంది. మాబున్ని బదులు కొత్తగా వచ్చినాయన వరండా మెట్లు దిగడు. కుర్చీలో కూర్చునే పుస్తకం తెరిచి, ఐదు అని రాసి, మూసేస్తాడు. బయట గాలి వేడెక్కుతోంది. ఎంత నీరు పోతోందో ఎవరూ కొలవడం లేదు.